మామ చెప్పిన మొదటి పేరు

మా మేనమామ పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను అబుదాబి ఐకాడ్‌లో, ఫ్యాక్టరీ బయట కూర్చుని అన్నం తింటున్నాను. చేసింది నెల్లూరు భాయ్, మామతో కలిసి పనిచేసేవాడు. "మీ మామ పోయినాడబ్బా. పొద్దున టీ తాగతా తాగతానే ఒరిగిపోయినాడు," అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయనతో నేను మాట్లాడి రెండేళ్లు దాటింది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. మంచి చెబుతాను, మిగతాదీ చెబుతాను.

మామ దుబాయ్ జెబెల్ అలీలో హోటళ్ల బట్టలుతికే పెద్ద లాండ్రీలో చెకర్. ఉతికి వచ్చిన తెల్ల దుప్పట్లలో మరకలూ చిరుగులూ పట్టుకోవడం ఆయన పని. నాకు వీసా తెప్పించి, పక్కన నిలబెట్టుకుని ఆ పని నేర్పింది ఆయనే. "మరకను దేవులాడకు అల్లుడా, తెలుపును చూడు. మరక దానంతట అదే బయటవడ్తది," అనేవాడు. గదిలో ఏ కూర వండినా మొదటి ముద్ద నాకు పెట్టి, ఉప్పు సరిపోయిందా అని నా మొహంలోకి చూసేవాడు. నాకు నాన్న లేడు. ఆయనతో లేబర్ క్యాంపులో ఉన్నన్నాళ్లూ ఆ లోటు తెలియలేదు.

2006లో లాండ్రీకి కెమెరా మిషన్ వచ్చింది. ప్రతి దుప్పటినీ ఫొటో తీసి, మరక ఉందో లేదో ఇకపై అదే చెబుతుందట. కానీ ముందు దానికి ఎవరో ఒకరు నేర్పాలి కదా! మమ్మల్ని ఎనిమిది మందిని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. ప్రతి ఫొటోలో మరక చుట్టూ మౌస్‌తో గీత గీసి, ఇది టీ, ఇది గోరింటాకు, ఇది మరక కాదు ఉత్త ముడత అని గుర్తు పెట్టాలి. మణికట్లు వాచిపోయేవి.

ఇలాగైతే ఎన్నటికీ తెమలదని ఇంజనీరు పద్ధతి మార్చాడు. తెలిసిన ఫొటోలకు మిషన్ తనే గుర్తు పెట్టుకుంటుంది. అనుమానం వచ్చినవే మమ్మల్ని అడుగుతుంది. మేం తెల్లమొహాలు వేస్తే మామ విడమరిచాడు.

"కొత్త కోడలు మొదట్ల అన్నీ అడుగుతది. చారుల ఉప్పెంత, చింతపండెంత అని. కొన్నాళ్లకు పండుగ వంటలే అడుగుతది. గిదీ గంతే."

"ఏమీ అడగని రోజొస్తే ఇంక అత్తతో పనేముంది చాచా?" అన్నాడు నెల్లూరు భాయ్.

అందరం పడీపడీ నవ్వాం. మామ కూడా నవ్వాడు.

వారం వారం మిషన్ అడిగేవి తగ్గాయి. రోజంతా పట్టే పని మధ్యాహ్నానికే ఖలాస్. హాయిగా ఉందని సంబరపడ్డాం. కూర్చున్న కొమ్మను నరుక్కుంటూ సంబరం!

ఒక రోజు ముదీర్, అంటే మా మేనేజర్, పిలిచి, ఇక నలుగురు చాలన్నాడు. నా వీసా క్యాన్సిల్. కాగితాలు చేతిలో పెట్టి, హిందీలో మెచ్చుకున్నాడు కూడా: "మీ మామ గొప్ప మనిషి. ఎవరిని పంపాలో చెప్పమంటే మొదట నీ పేరే చెప్పాడు."

గదికి వెళ్లేసరికి మామ ఉల్లిగడ్డ కోస్తున్నాడు.

"నా పేరు ఎప్పుడు చెప్పినవ్ మామా?"

"నెలైంది."

నెల! అన్నాళ్లూ నాకు మొదటి ముద్ద పెడుతూనే ఉన్నాడు.

"సొంత అల్లుణ్ణి ఉంచుకోని పరాయి పిల్లగాండ్లను పంపితే నన్నేమంటరు? నువ్వు ముందు పోతే ఇంకెవ్వరు నోరెత్తరు," అన్నాడు.

"నేను నోరెత్తనని నీకెవరు చెప్పిన్రు?"

ఆయన కోయడం ఆపలేదు.

నేను ఇంటికి చేరితే, ఏం తప్పు చేసి వచ్చాడో అని ఊళ్లో చెవులు కొరుక్కున్నారు. అమ్మకు నిజం చెప్పలేదు. ఆమెకున్నది ఒక్కడే తమ్ముడు. తర్వాత వేరే వీసా మీద అబుదాబి వచ్చాను కానీ జెబెల్ అలీ వైపు తొంగి చూడలేదు. పండుగలకు మామ ఫోన్ చేస్తే ఎత్తేవాణ్ణి కాదు. నాకు అన్నం పెట్టిన చెయ్యి అది. నా అన్నం తీసిందీ ఆ చెయ్యే. ఏది మరిచిపోను?

మామ శవపెట్టెను ఊరికి పంపడానికి దగ్గరి బంధువు సంతకం కావాలంటే దుబాయ్ వెళ్లాను. ఎయిర్‌పోర్ట్ కార్గో దగ్గరికి లాండ్రీ వాళ్లు వచ్చారు. "సొంత మేనల్లుణ్ణే ముందు పంపిన ధర్మాత్ముడు," అని నా ఎదుటే కళ్లు తుడుచుకున్నారు. అరే, ఆయన ధర్మం చేసింది నా కూటితో కదా!

అంతలో అమ్మ ఫోన్ చేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"నీ పని పోయిన్నాడు నీకోసం మామ ఎంత కొట్లాడిండో కొడుకా! 'ముదీర్ కాళ్లు పట్టుకున్న అక్కా, నన్ను తీసేసి అల్లుణ్ణి ఉంచుమన్న, వినలే' అని నాకు ఫోన్ జేసి చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు. నీకెరుకేనా?"

నాతో ఒక్క ముక్క చెప్పని మనిషి, అమ్మకు ఇంత కథ చెప్పాడు! అబద్ధమమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా పెట్టెను బండి మీదికి ఎక్కిస్తున్నారు. ఒక పక్క మనిషి తక్కువై నెల్లూరు భాయ్ నా వైపు చూశాడు.

"ఎరుకే అమ్మా," అన్నాను. "మస్తు కొట్లాడిండు."

ఫోన్ జేబులో వేసుకుని, మామ తల ఉన్న వైపు పట్టుకున్నాను. పెట్టె లోపలికి వెళ్లేదాకా చెయ్యి తియ్యలేదు.