రిపీల్ అంటే రద్దు కాదు

రిపీల్ అన్న మాటకి మా సివిక్స్ గైడులో రద్దు అని ఉండేది. ఆ గైడు రాసినవాడు ఎదురుపడితే బాగా దులిపేద్దామని ఉండేది నాకు. గుడివాడ బస్సు రద్దవుతుంది, కరెంటు పోతే మ్యాట్నీ రద్దవుతుంది, పీటల మీద పెళ్ళి రద్దవుతుంది. అవన్నీ రిపీలేనా? చట్టం చేసిన సభే మళ్ళీ కొలువుదీరాలి. ఇదివరకు చేసింది ఇక చెల్లదు అని ఆ సభే చెప్పాలి. చెప్పేదాకా ఆ చట్టం బతికే ఉంటుంది, చేసినవాళ్ళు చచ్చిపోయినా సరే. బందరులో ఆడపిల్లల బడిలో నేను గొంతు చించుకుని చెప్పింది ఇదే. పిల్లలు బుద్ధిగా తలలూపి, పరీక్షలో మళ్ళీ రద్దు అనే రాసేవాళ్ళు.

ఎమర్జెన్సీ పోయిన ఏడాది అది. ఏ చట్టం ఉంచుతారో, ఏది తీసేస్తారో అని పేపర్ల నిండా ఒకటే గోల. నేను అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదువుతుంటే, మా ఇంటికి చేపలు తెచ్చే మనిషి గంప దింపుకుని వినేది. ఆవిడది నాగాయలంక అవతల, సముద్రం ఒడ్డున ఓ పల్లె. మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు. మరిది పడవా వలా లాగేసుకుంటే, ఈవిడ పల్లె పెద్దల దగ్గరికి వెళ్ళకుండా నేరుగా పోలీసు స్టేషనుకి వెళ్ళింది. పల్లె గొడవ పల్లె దాటించినందుకు పెద్దలు వెలివేశారు. ఆమె చేతి నిప్పూ నీళ్ళూ ఎవరూ పుచ్చుకోకూడదు. పుచ్చుకున్నవాళ్ళూ వెలే. చేసేది లేక బందరొచ్చి చేపలమ్ముకుంటోంది. పడవ మీద ఆశ ఎప్పుడో వదిలేసుకుంది. పల్లెలో తల్లి ఒక్కతే ఉంది. ఆ తల్లికి ఒక్క పూట తన చేత్తో వండి తినిపించాలి, అంతే ఈవిడ కోరిక.

"చేసిన చట్టాన్ని చేసినోళ్ళే తీసేస్తారాండీ? పరువు పోదూ?" అని అడిగిందో రోజు.

"తప్పని తెలిసీ తీసెయ్యకపోతేనే పరువు పోయేది," అన్నాను.

"అయితే మావోళ్ళనీ అడుగుతానండి."

అడిగింది. లాంచీల మీద వచ్చేపోయేవాళ్ళ చేత కబురు మీద కబురు పంపింది. ఎట్టకేలకి పెద్దలు మెత్తబడ్డారు. వెలి విప్పడానికి వాళ్ళకో పద్ధతుంది. కట్టుబాటు కట్టిన పెద్దలంతా ఒకచోట కూర్చోవాలి. తప్పు చేసిన మనిషి ఊరందరి ముందూ వాళ్ళ కాళ్ళ మీద పడాలి. అప్పుడు ఒక్కో పెద్దా ఆ మనిషి చేతి నీళ్ళు ఓ గుక్క తాగుతాడు. దాంతో కట్టు విడిపోయినట్టు. కార్తీకమాసం వెళ్ళాక రమ్మన్నారు.

"కాళ్ళ మీద పడతావా? నీ పడవ నువ్వు అడిగినందుకా? సిగ్గు లేదుటే?" అని ఎగిరిపడ్డాను నేను.

"పడితే ఏం పోద్దండీ! మా అమ్మ దగ్గరకి ఎళ్తాను," అంది నవ్వుతూ. పెద్దలకి నీళ్ళివ్వడానికని కొత్త ఇత్తడి చెంబు కూడా కొనుక్కుంది. తోమి తోమి తెచ్చి నాకు చూపించింది.

కార్తీకం వెళ్ళకుండానే ఉప్పెన వచ్చింది.

దారులు తెరిచాక మా బడి తరఫున బట్టలూ బియ్యం మంచినీళ్ళ డబ్బాలూ లారీకెక్కించాం. ఈవిడ చెంబు పట్టుకుని మాతోపాటు ఎక్కేసింది. దారి పొడుగునా తుమ్మల మీద చీరలు వేలాడుతున్నాయి. కాలవల్లో పశువులూ మనుషులూ కలిసే ఉబ్బి తేలుతున్నారు. నేను కొంగుతో ముక్కు మూసుకుని కూర్చున్నాను. ఆవిడ మూసుకోలేదు, ఒక్కో శవాన్నీ పరీక్షగా చూస్తూనే ఉంది.

పల్లె ఉండే చోట ఇసకలో నాలుగు గుంజలున్నాయి. మిగిలిన కొద్దిమందీ ఓ గుడ్డ పందిరి కింద ఒకే పొయ్యి మీద గంజి కాచుకుంటున్నారు. పెద్దల్లో ఒక్కడూ మిగల్లేదని వాళ్ళే చెప్పారు. ఆ మాట వింటే నాకు జాలి కలగలేదు. పీడా వదిలింది, ఈవిడ కట్టు తెగింది అనుకున్నాను.

తల్లి బతికింది. తాటిచెట్టుని కావలించుకుని ప్రాణం నిలబెట్టుకుందట. చేతులూ రొమ్మూ చీరుకుపోయి పందిరి చివర పడుంది. ఉప్పునీళ్ళకి పెదాలు పగిలిపోయాయి. కూతురు గబగబా డబ్బాలోంచి చెంబులోకి నీళ్ళు వంచుకుని పక్కన కూలబడింది.

"అమ్మా, నేనే. తాగమ్మా," అని చెంబు నోటి దగ్గర పెట్టింది.

ముసలావిడ కళ్ళు తెరిచింది. నీళ్ళని చూసింది, చెంబు పట్టుకున్న చేతిని చూసింది. నోరు గట్టిగా మూసుకుంది.

"ఇంకా ఎవరంటే భయమమ్మా? ఆళ్ళంతా పోయారుగా!"

"అదేనే," అంది తల్లి. "కట్టినోళ్ళు పోయారు. ఇంక ఇప్పేదెవరే? నీ చేతి నీళ్ళు తాగితే నేనూ ఎలే. నాకీ గంజి కూడా పొయ్యరు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పందిరి కింద వాళ్ళ మీద విరుచుకుపడ్డాను. "మీరు మనుషులేనా? ఊరే కొట్టుకుపోతే ఊరి కట్టుబాటా? మీరే కూర్చోండి, మీరే విప్పండి!"

ఉన్నవాళ్ళలో కాస్త వయసు మళ్ళిన మనిషి లేచి చేతులు కట్టుకున్నాడు. ఆ మొహంలో కోపం లేదు, ఏమీ లేదు.

"మేం పెద్దలం కాదండీ. పెద్దాయన పోతే, దినం నాడు కొడుక్కి పాగా చుడతాం. అప్పుడు ఆడు పెద్ద. శవాలే దొరకలా, దినాలెట్టా చేస్తామండీ?"

"మరి అందాకా?"

"అందాకా పాతదేనండి."

చేసినవాళ్ళు చచ్చిపోయినా సరే అని నేను బడిలో బల్ల గుద్ది చెప్పే మాటే అది.

కూతురు ఏడవలేదు. గుక్కెడు మంచినీళ్ళ కోసం జనం అల్లాడుతున్న చోట, చెంబులో నీళ్ళన్నీ ఇసకలో పారబోసింది. "నేను ముట్టినయ్యి వద్దండీ. వేరే డబ్బాలోంచి మీ గ్లాసుతో మీరే ముంచి పట్టండి. తాగుద్ది," అంది.

నేను ముంచి పట్టాను. ముసలావిడ రెండు చేతులా నా మణికట్టు పట్టుకుని గటగటా తాగేసింది. నీళ్ళు గడ్డం మీదుగా మెడలోకి కారుతుంటే కూతురు తుడవబోయి కొంగు చాపింది. తల్లి మొహం పక్కకి తిప్పేసుకుంది. నేనే తుడిచాను.

ఇంకో గ్లాసు తాగాక ఆవిడ తెప్పరిల్లి నా మొహం తడిమింది. "నీ కడుపు చల్లగుండ. ఏ తల్లి కన్న బిడ్డవోనమ్మా!" అంది.

కూతురు ఖాళీ చెంబు ఒళ్ళో పెట్టుకుని ఆ పక్కనే కూర్చుని ఉంది.