అక్క పెరట్లో సగువారో

ఎనభై నాలుగు జూన్‌లో టూసాన్ నుంచి అక్క ఫోన్ చేసింది. "చెట్టు నల్లగా కారుతోందిరా. కాలేజీలో బోటనీ చెప్పేవాడివి, ఓసారొచ్చి చూడు." చెట్టంటే ఆమె పెరట్లోని సగువారో, తాటిచెట్టంత పెరిగే ఎడారి జెముడు.

ఉదయం ఏడింటికి లాస్ ఏంజెలిస్‌లో బస్సెక్కాను. పొట్లంలో పులిహోర, ఫ్లాస్కులో కాఫీ. వెళ్లేవాళ్లు ఎడమవైపు సీటు చూసుకోండి, కుడివైపు ఎండ మాడ్చేస్తుంది. ఫీనిక్స్ దాటాక సగువారోలు బారులు తీరాయి. పక్కసీట్లో ఆ ఎడారి ఆదివాసీ పెద్దావిడ వాటి గురించి ఇంగ్లీషులో చెప్పుకొచ్చింది.

"పూలకి గబ్బిలాలొస్తాయి, పండ్లకి పావురాలు, మేమూ. వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిన తొర్రలో గుడ్లగూబ కాపురం పెడుతుంది. ఒక్కటి కూలితే ఇన్నిటికి ఇల్లు పోతుంది."

"మరి నీళ్లు?"

"వానకి తాగి దాచుకుంటుంది. రోజూ పోస్తే కుళ్లిపోతుంది."

పులిహోర పొట్లం మడిచి సంచిలో పెట్టేశాను. రెండేళ్ల కిందట ఇల్లు కొన్నప్పుడు అక్క అడిగితే, ఆ చెట్టును కంటితో చూడకుండానే, మన ఊరి ఎండల లెక్కన "రోజూ రెండు బకెట్లు పొయ్యి" అన్నది నేనే.

రాత్రి ఏడింటికి దిగాను. ఇంకా వెలుతురుంది. చెట్టు మొదట్లో వేలు పెడితే దిగబడింది, ఒకటే కంపు. మొదటి కొమ్మ రావడానికే మనిషి ఆయుష్షంత పడుతుందట, దీనికి నాలుగున్నాయి. పైన తొర్రలోంచి పిడికెడంత గుడ్లగూబ తొంగి చూసింది.

"మొదట్లో అపశకునమని తరిమానురా. మీ బావ ఆఫీస్‌కి వెళ్లిపోతే మాట్లాడ్డానికి అవే దిక్కయ్యాయి" అంది అక్క.

మర్నాడు తొమ్మిదింటికి నర్సరీ అతను వచ్చి చూశాడు. తొర్రలోని గుడ్లగూబ పిల్లలు ఎగిరిపోగానే చెట్టు కొట్టించెయ్యమన్నాడు, లేకపోతే ఇంటిమీద పడుతుందన్నాడు. ఇంక చేసేదేమీ లేదు.

నేను బయల్దేరుతుంటే అక్క బకెట్‌తో గోడవార ఉన్న జానెడు సగువారో దగ్గరికి నడిచింది. "పెద్దదానికి నీళ్లు చాల్లేదేమో. దీనికన్నా సరిగ్గా పోస్తాను."

అప్పుడు చెప్పేశాను, అంతా.

ఆమె బకెట్ కింద పెట్టింది. "జ్వరమొచ్చినా మానలేదురా, నువ్వు చెప్పావని" అంది. బస్‌స్టేషన్‌కి రాలేదు.

పదకొండింటి బస్సులో తిరిగి వచ్చాను. కిటికీ పొడుగునా సగువారోలే, ఎవరూ నీళ్లు పొయ్యకుండా బతుకుతున్నవి. వాటివైపు చూడలేకపోయాను. మీరు మాత్రం జూన్‌లోనే వెళ్లండి, పండ్ల కాలం. అక్కడ ఎవరైనా సలహా అడిగితే తెలియదని చెప్పండి. ఆ ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు.