చెంబు నీళ్లకు ఒక మూత

సంగారెడ్డి కొత్త జిల్లా అయిన మరుసటి ఏడాది జూన్ మొదటివారంలో నన్ను కొండాపూర్ వైపు ఒక పశువైద్యశాలకు బదిలీ చేశారు. ఊరి పేరు రాయడం లేదు. ఇందులో తప్పు నాది, ఊరిది కాదు. కాగితం మీద నా హోదా వెటర్నరీ అసిస్టెంటు, జనం నోట కాంపౌండరు. ఏడో తరగతితో అటెండరుగా చేరాను. పదో తరగతి ప్రైవేటుగా కట్టాను. డాక్టర్లు భోజనానికి వెళ్లినప్పుడు వాళ్ల బల్ల మీది పుస్తకాలు చదువుకుని ఆ హోదా దాకా వచ్చాను. అందుకే చదువుకున్నవాళ్లు అజాగ్రత్తగా ఉంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ ఏడాది అజాగ్రత్తగా ఉన్నది నేనే.

మా డాక్టరమ్మకు రెండు ఆసుపత్రుల బాధ్యత. వారంలో మూడు రోజులు మా దగ్గర, మూడు రోజులు వేరే మండలంలో. ఆమె లేని రోజున ప్రథమ చికిత్స, కడుపులో పురుగులకు వేసే నట్టల మందు, టీకా వరకే నా అధికారం. అప్పటికే ఆ ఊళ్లో పొలాలు ప్లాట్లవుతున్నాయి, బర్రెలు తగ్గుతున్నాయి, మగవాళ్లు పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు షిఫ్టు బస్సులో పోతున్నారు. ఆసుపత్రికి కుక్కలు రావడం మొదలైంది. మా రిజిస్టరులో మాత్రం ఎద్దుకు, బర్రెకు, మేకకు గడులుండేవి. కుక్కను ‘ఇతరములు’లో రాయాలి. మనిషి మంచం కింద పడుకుని, మనిషి అడుగుల చప్పుడుకు లేచే జీవి ఇతరములట. ఆ గడి కోసం పై ఆఫీసుకు రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు.

సత్తయ్య ఆ ఇతరముల గడిలోకి వచ్చిన మనిషి. నాలుగు బర్రెలను అమ్మేసి మందుల ఫ్యాక్టరీలో చేరాడు. ఖాళీ అయిన కొట్టంలోకి ఒక గోధుమరంగు కుక్కపిల్ల వచ్చి పడుకుంటే వెళ్లగొట్టలేకపోయాడు. సిపాయి అని పేరు పెట్టాడు. భార్య యాదమ్మ మొదట తిట్టి, తర్వాత దాని గిన్నె వేరే పెట్టింది. పిల్లలు లేని ఇల్లు అది. కొట్టం వెనక గదిలో బబ్లూ అనే బిహారు మనిషి కిరాయికి ఉండేవాడు. నలభై ఏళ్లుంటాయి, ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో పని. తన రొట్టెల్లో సిపాయికి ఒకటి తీసి పెట్టేవాడు.

మొదటిసారి తెచ్చినప్పుడు బరువు చూశాము. నట్టల మందు బరువును బట్టి ఇవ్వాలి, కంటి అంచనాతో కాదు. కుక్క కాంటా మీద నిలబడదు కాబట్టి ముందు సత్తయ్యను కుక్కనెత్తుకుని ఎక్కమన్నాను, తర్వాత ఒక్కడినే. తేడా పద్నాలుగు కిలోలు.

“సార్, ఇంట్ల నాకంటె వీడే మంచిగ తింటున్నడు, కాంటా గూడ గదే చెప్తున్నది” అన్నాడు.

ఏం పెడుతున్నారని అడిగితే పాలన్నం అన్నాడు. పాలు తగ్గించి ఉడికిన గుడ్డో, ఎముక తీసిన కోడికూరో ఉప్పూ కారం లేకుండా పెట్టమన్నాను. ఉడికిన ఎముక చీలికలై పేగుకు గుచ్చుకుంటుందని, ఉల్లిగడ్డ కుక్క రక్తాన్ని చెడగొడుతుందని చెప్పాను. మూడు నెలలకోసారి నట్టల మందు, ఏడాదికోసారి పిచ్చికుక్క రోగం టీకా. కార్డు మీద తేదీలు రాసిచ్చాను. సత్తయ్య దాన్ని తన ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు వెనక పెట్టుకున్నాడు.

వానలు మొదలయ్యాక సిపాయికి పిడుదులు పట్టాయి. మా దగ్గర గోమార్లంటారు. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో నల్ల చింతగింజల్లా పట్టుకుని రక్తం తాగుతాయి. అవి కుక్క ఒంటి మీదే ఉండవు, గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి. అందుకే కొట్టం గోడల సందులు మూసి సున్నం వేయమన్నాను. ఒంటికి మాత్రం మందు నీళ్లు.

ఆ మందు లీటరు డబ్బాల్లో వచ్చేది. మేము చిన్న సీసాల్లోకి వంచి ఇచ్చేవాళ్లం. కొలత చెప్పడానికి మా అందరికీ ఒకే మాట అలవాటు: చెంబు నీళ్లకు ఒక మూత. ఆసుపత్రి చెంబులో సరిగ్గా లీటరు పడుతుంది, మా చిన్న సీసా మూతలో రెండు మిల్లీలీటర్లు. ఈ రెండూ నేనే కొలిచి చూసినవి. ఏళ్ల తరబడి బర్రెలవాళ్లకు ఇదే చెప్పాను, ఎవరికీ ఏమీ కాలేదు. బర్రె పెద్ద ఒళ్లు, కాస్త ఎక్కువైనా తట్టుకుంటుందన్న సంగతి నాకు తట్టలేదు.

ఆ రోజు యాదమ్మ వచ్చింది. చిన్న సీసాలు అయిపోయాయి. ఆమె చేతిలో ఖాళీ కూల్‌డ్రింక్ సీసా ఉంటే అందులోనే వంచాను. చీటీ అంటించలేదు. టీకాల రిజిస్టరు రాస్తూ, తలెత్తకుండానే, “చెంబు నీళ్లకు ఒక మూత” అన్నాను.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి సత్తయ్య బండి మీద వచ్చాడు. షిఫ్టు బస్సు వదిలేసి వచ్చాడు. “సార్, సిపాయి వణుకుతున్నడు. నోట్లకెళ్లి నురుగు. జల్దీ రాండ్రి” అన్నాడు.

వెళ్లేసరికి సిపాయి కొట్టంలో పక్కకు పడి ఉంది. కాళ్లు కొట్టుకుంటున్నాయి, మూతి కింద నేల తడిసిపోయింది. సత్తయ్య పిలిస్తే తోక మాత్రం ఒకసారి కదిలింది. యాదమ్మ గడపలో నిలబడి బబ్లూ మీద మండిపడుతోంది. అతని ట్రంకుపెట్టె అప్పటికే బయట ఉంది.

“పొలం మందు పెట్టినవ్ రొట్టెల. రాత్రి డ్యూటీ చేసొచ్చి పండుకుంటే మొరుగుతున్నడని మొన్ననే అన్నవ్. నీ సామాను తీస్కొని నడువ్.”

“భాభీ, రోటీ ఇచ్చిన, జహర్ ఇయ్యలే” అన్నాడు బబ్లూ. “వాడు నాకు బచ్చా లెక్క.”

డాక్టరమ్మ వేరే మండలంలో ఉంది. ఫోను చేస్తే, బయలుదేరుతున్నాను, ఏ విషమో చెప్పండి, దాన్ని బట్టి ఇంజెక్షను అన్నది. ఇక్కడ ఒక సంగతి వివరించాలి. పొలానికి కొట్టే మందుల్లో చాలావాటికి విరుగుడు ఇంజెక్షను ఒకటుంది. కంటిపాప చిన్నదైందా, గుండె నెమ్మదించిందా అని చూసి, పెద్ద మోతాదులో ఇవ్వాలి. విషం అది కాకపోతే ఆ మోతాదే గుండెను పరుగెత్తించి చంపగలదు. ఇంటివాళ్లంతా పొలం మందే అంటున్నారు. నేను టార్చి వేసి చూస్తే కంటిపాప చిన్నది కాలేదు.

యాదమ్మను అడిగాను, నిన్న ఏం చేశారని. “నువ్వు చెప్పినట్లే చేసిన గద సారూ. చెంబుకు మూత. నిండుగ పోసిన.”

ఆ చెంబూ ఆ సీసా తెమ్మన్నాను. చెంబు పూజకు వాడే చిన్న రాగిది, అరలీటరు కూడా పట్టదు. కూల్‌డ్రింక్ మూత మా మూతకు నాలుగింతలు. మూత నాది కాదు, చెంబు నాది కాదు, మాట ఒక్కటే నాది. పైగా ఒళ్లు ఆరేదాకా నాకనివ్వొద్దని చెప్పలేదు.

ఫోను చెవిన పెట్టుకుని అందరి ముందే చెప్పాను: “మేడమ్, ఇది గోమార్ల మందు. ఎనిమిదింతలు పడింది. కొలత తప్పు చెప్పింది నేను.”

 డాక్టరమ్మ, ఆ విరుగుడు ఇవ్వకండి, గోరువెచ్చని నీళ్లతో సబ్బు పెట్టి కడగండి, వణుకు తగ్గే ఇంజెక్షను నేను తెస్తాను అన్నది.

నేను తల పట్టుకున్నాను, సత్తయ్య నడుము పట్టుకున్నాడు. యాదమ్మ పొయ్యి దగ్గర నీళ్లు కాస్తోంది, పోయడానికి మనిషి లేడు. బబ్లూ ట్రంకుపెట్టె దగ్గరి నుంచి వచ్చి బకెట్టు అందుకున్నాడు. యాదమ్మ చంటిపిల్లకు పోసినట్టు మోచేత్తో నీళ్ల వేడి చూసి అందించింది. మూడుసార్లు కడిగాము. చెవుల్లో, వేళ్ల సందుల్లో సత్తయ్య తన ఫ్యాక్టరీ యూనిఫారం చొక్కాతో తుడిచాడు. “ఏం కాదురా, ఏం కాదు, నేను ఈడనే ఉన్న” అని అదే మాట అంటూ ఉన్నాడు. సబ్బు సువాసనలది కాదు, మామూలుది. ఇప్పుడు కుక్కలకు వందల రకాల షాంపూలు అమ్ముతున్నారు, కొలత రాసిన కాగితం మాత్రం చీమతల అక్షరాల్లో ఉంటుంది.

డాక్టరమ్మ వచ్చి ఇంజెక్షను వేసి, సెలైను పెట్టింది. మధ్యాహ్నానికి వణుకు తగ్గింది. సాయంత్రం సిపాయి లేచి, నాలుగడుగులు తూలి, బబ్లూ పెట్టె మీద తల పెట్టి పడుకుంది.

“ఇగ ఆ పెట్టె లోపల పెట్టు అన్నా” అన్నది యాదమ్మ. “వాడు దాన్ని పోనిచ్చెటట్టు లేడు.”

ఆసుపత్రికి తిరిగొచ్చాక రిజిస్టరులో కారణం గడి ఖాళీగా ఉంది. ఏం రాద్దామని డాక్టరమ్మ నన్నే అడిగింది. ప్రమాదవశాత్తు అని రాయొచ్చు, చాలామంది అదే రాస్తారు అన్నది. నేను రాశాను: ‘మోతాదు మించినది. కొలత చెప్పినవారు వెటర్నరీ అసిస్టెంటు.’ కింద సంతకం పెట్టాను. దానిమీద మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చాను. అదే సంజాయిషీలో సిరంజిలు, చీటీలు కావాలని ఇండెంటు కూడా జతపరిచాను. మెమోకు జవాబు అడిగినవాళ్లు ఇండెంటుకు జవాబివ్వలేదు. సిరంజిలు నేనే కొన్నాను.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా నా చేతి నుంచి మందు సీసా ఏది బయటికి పోయినా, దానితోపాటు సూది లేని సిరంజి ఒకటి పోయింది. దాని మీద ఎంతవరకు లాగాలో నల్ల ఇంకుతో గీత గీసేవాణ్ణి. నీళ్లకు లీటరు సీసానే వాడమని చెప్పి, చెప్పింది తిరిగి నాకు అప్పజెప్పమనేవాణ్ణి. ఆలస్యమవుతోందని విసుక్కున్నవాళ్లున్నారు.

ఇంట్లో కుక్కను పెంచేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. ఇంటింటికీ మారే వస్తువు కొలత కాదు. కుక్క బరువు తెలుసుకోండి, మందు పేరు సీసా మీద రాయించుకోండి, గీత ఉన్నదానితోనే కొలవండి. చెప్పేవాడు తలెత్తకుండా చెబితే, అతను తలెత్తేదాకా అక్కడి నుంచి కదలకండి.