గోకర్ణంలో సామాన్ల కాపలా

నిన్న ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, కాఫీకి నీళ్లు పొయ్యి మీద పెడుతుండగా, నా ఫోనుకు నాలుగు సముద్రాల ఫోటోలు వచ్చాయి. పంపింది బెంగుళూరులో ఉన్న మా అమ్మాయి. కాలేజీలో చదువుతున్న తన పిల్లలిద్దరికీ డిసెంబరులో సెలవులట, చలి లేనిచోట, సముద్రం పక్కన నాలుగు రోజులు ఉండి రావాలట, నాలుగింటిలో ఏది బాగుందో అమ్మమ్మే చెప్పాలట. నీళ్లు మరిగి సగమయ్యేదాకా నేను ఆ ఫోటోలు చూస్తూ నిలబడ్డాను. అప్పటికి మా అక్క పోయి రెండు నెలలు. అక్క అంటే తోడబుట్టినది కాదు, మా ఆయన అన్నగారి భార్య, నా తోటికోడలు.

పావగడ వైపు ఆ రోజుల్లో బతికినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు, మాకు ఏ మంచి జరిగినా చెడు జరిగినా వేరుశనక్కాయను బట్టే జరిగేది. మా ఊరు బలసముద్రంలో మేమంతా ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఒక ఏడాది వానలు అదనుకు పడి, చెట్టు పెరికితే చేతినిండా కాయలు వచ్చాయి. ఆ సంతోషంలో బావగారు వ్యాను మాట్లాడి ఇంటిల్లిపాదినీ గోకర్ణం తీసుకుపోయారు. అప్పటి ప్రయాణాలంటే బియ్యం, చెనక్కాయల పొడి, కిరసనాయిలు స్టవ్వు, దుప్పట్ల మూటలు, అన్నీ వెంట పోవాలి. సత్రంలో అందరికీ కలిపి ఒకే హాలు, దానికి తాళం ఉండదు. కాబట్టి ఎవరో ఒకరు సామాన్ల దగ్గర కూర్చోవాలి.

కూర్చున్నది నేను. అప్పటికి నేను వై.ఎన్.హొసకోట బడిలో టీచరునే, బడిలో పిల్లలు నా మాట వినేవాళ్లు, ఇంట్లో మాత్రం చిన్నకోడలిని. రెండేళ్ల కొడుకు ఒళ్లో నిద్రపోతున్నాడు. నాలుగేళ్ల కూతురిని అక్క చంకనెత్తుకుని, "సామాన్లకు ఒకరుండాల కదమ్మా. సముద్రం యాడికి పోతాది, ఆడే ఉంటాది. రేపు చూస్తువులే," అని అందరినీ తోలుకుపోయింది. మరునాడు వంట పని పడింది, అదీ నాకే. వెళ్లినవాళ్లలో మా ఆయన కూడా ఉన్నారు. ఆయనతో కాపురం చేయాలి కనుక ఆయనను మన్నించాను. అక్కను మన్నించవలసిన అవసరం నాకు కనపడలేదు.

సాయంత్రం నా కూతురు జుట్టునిండా ఇసుకతో వచ్చి, "పెద్దమ్మ నన్ను నీళ్లల్లో నిలబెట్టిందిమా, నేను ఏడ్సలేదు," అని చెప్పింది. సముద్రం చూడలేదని నేను బాధపడలేదు. బిందెలో నీళ్లు తప్ప ఎరగని బిడ్డ అన్ని నీళ్లు మొదటిసారి చూసినప్పుడు దాని ముఖం ఎలా ఉందో అక్క చూసింది, నేను చూడలేదు. అది ఇంకొకసారి జరిగేది కాదు. ఇంటికి వచ్చాక పొలంలో కాయలు కోసేటప్పుడు అక్క ఆ సంగతి నలుగురికీ చెప్పి నవ్వించేది. నేను తల వంచుకుని కాయలు కోసేదాన్ని.

ఆ తర్వాత కరువు ఏళ్లు వచ్చాయి. విత్తనం వేయడం, వాన కోసం చూడడం, ఎండిన చెట్లను గొర్రెలకు వేయడం, ఏళ్ల తరబడి ఇదే. ఇళ్లు వేరుపడ్డాయి. బావగారు పోయారు, అక్క గొర్రెలు అమ్ముకుంది. నా జీతం మీద పిల్లలిద్దరూ తుమకూరులో కాలేజీకి వచ్చారు. నేను పుస్తకాలు చదివే మనిషిని, ఓర్పు గురించీ క్షమ గురించీ చాలా చదివాను. ఆ పుటలు తిప్పుతున్నప్పుడు కూడా అక్క మాట నా చెవిలో అలాగే ఉండేది.

ఒక డిసెంబరులో పిల్లలు సెలవులకు వచ్చి, ఈ చలిలో ఇంట్లో కూర్చోవడం కంటే సముద్రానికి పోదామన్నారు. కొడుకు అట్లాసు ముందేసుకుని గోవా అన్నాడు, "ఆడ స్వెట్టరే వద్దంటమా," అని ఆశపెట్టాడు. కూతురు కార్వార్ అంది. నేను గోకర్ణం అన్నాను. దేవళాల ఊరికి ఎవరు పోతారని కొడుకు గునిశాడు. మా ఆయన మాత్రం నావైపు చూసి, "ఆ పాతదంతా ఇప్పుడెందుకే," అన్నారు.

"సముద్రం ఆడే ఉండాది కదా, చూసొస్తాం," అన్నాను.

మరునాడు అక్క ఇంటికి వెళ్లి నువ్వూ రావాలని పిలిచాను. నాకేం సముద్రమమ్మా ఇప్పుడు అంది. నా ముఖంలోకి కాసేపు చూసి, సరే వస్తాలే అంది.

అదే సత్రం, అదే హాలు, తాళం అప్పటికీ లేదు. మూటలు దింపగానే నేను, "సామాన్లకు ఒకరుండాల కదక్కా," అన్నాను. పదహారేళ్లు దాచుకున్న మాట అది. ఉంటాలే పొండి అని ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పుడు నా కూతురు చెప్పులు విడిచి ఆమె పక్కన చేరింది.

"పెద్దమ్మ ఒక్కతే ఏం చేస్తాది? నేనూ ఈడే ఉంటా."

"సముద్రం చూసేకి కదా వచ్చింది నువ్వు."

"నేను చూసినా కదమా, చిన్నప్పుడు. పెద్దమ్మ ఎత్తుకుని చూపిచ్చింది."

నేను కొడుకునూ మా ఆయననూ తీసుకుని నడిచాను. మోకాళ్లదాకా నీళ్లలో నిలబడ్డాను, డిసెంబరైనా నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. కొడుకు కేకలు వేస్తూ అలలకు ఎదురు పోతుంటే చూసి సంతోషించాను. అయినా నా కళ్లు మాటిమాటికీ సత్రం దారి వైపే పోయాయి, కూతురు మనసు మార్చుకుని వస్తుందేమోనని.

తిరిగి వచ్చేసరికి వాళ్లిద్దరూ వేయించిన చెనక్కాయలు ఒలుచుకుని తింటూ ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. కూతురు మంచినీళ్లకు లేచి వెళ్లాక అక్క పొట్టు ఊడుస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"నన్ను ఎందుకు పిలిచినావో ఊర్లోనే తెలుసు నాకు. సరిపాయనా?"

"ఇంగా లేదక్కా."

"అట్లయితే రేపు కూడా కూర్చుంటా."

అన్నట్టే మరునాడూ కూర్చుంది. నా కూతురూ కూర్చుంది. నేను రమ్మని బతిమాలలేదు, సామాన్ల దగ్గర నేనుంటాను మీరు వెళ్లండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చినా అనలేదు. మూడోనాడు పొద్దున్నే బస్సెక్కాం. తెలిసే వచ్చి కూర్చుందని అక్క మీద నా కోపం తగ్గలేదు, పెరిగింది. రెండోసారి కూడా నా బిడ్డను ఆమే తీసుకుంది.

ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్లూ మా ఇద్దరి మధ్య గోకర్ణం మాట రాలేదు. పండగలకు కలిశాం, జ్వరాలకు ఒకరికొకరం కషాయం కాచి ఇచ్చుకున్నాం. ఆమె తప్పయిందని అనలేదు, నేను సరిపోయిందని అనలేదు. రెండు నెలల కింద ఆమె శవం దగ్గర నా కూతురు ఏడ్చిన ఏడుపు విని, రేపు నాకు ఇలా ఏడుస్తుందా అనుకున్నాను. అంతటి దుఃఖంలోనూ నాకు వచ్చిన తలపు అదే. ఇప్పుడు నేను ఎవరి మీద కోపంగా ఉండాలో తెలియడం లేదు.

మా వేరుశనగ పొలాల్లో ఇప్పుడు సోలారు పలకలున్నాయి. పిల్లలు ఫోనులోనే గది చూసుకుంటారు, గదికి తాళం ఉంటుంది, అన్నం ఎవరో వండి గది దగ్గరికే తెస్తారు. ఇప్పటి తోటికోడళ్లు ఒకరి మీద ఒకరు కసి ఎలా తీర్చుకుంటారో నాకు తెలియదు. మా అమ్మాయికి సాయంత్రం జవాబు రాశాను, నాలుగింటిలో ఏదైనా సరే, నేను వస్తానని, నీళ్లదాకా నువ్వు నాతో నడవాలని. అందుకేముందమ్మా, అందరం కలిసే పోతాం కదా అని రాసింది. నిజమే. సామాన్ల దగ్గర ఇప్పుడు ఎవరినీ కూర్చోబెట్టి పోవడం లేదు.