కరుణమ్మ గారు మళ్లీ వెళ్లిన ఇల్లు

ఈ ఉదయం మా వీధిలో రొయ్యల మేత బస్తాల ఆటో ఆగింది. ఒక బస్తా చిరిగిందేమో, ఎండుచేపల పొడి వాసన వంటింటిదాకా వచ్చి కాఫీ వాసనను మింగేసింది. ఇందుకూరుపేటలో నలభై ఒక్క ఏళ్లుగా ఉంటున్నదాన్ని, ఈ వాసన నాకు కొత్త కాదు. అయినా ఇది తగిలినప్పుడల్లా కరుణమ్మ గారు గుర్తొస్తారు. గుర్తు రాగానే ముందు చిరాకు వస్తుంది. ఆవిడ పోయి ఐదేళ్లయినా ఆ చిరాకు పోలేదు.

కరుణమ్మ గారు మా హైస్కూలు హెడ్మిస్ట్రెస్. నేను లెక్కల టీచర్ని. ఆవిడ కింద ఆరేళ్లా రెండు నెలలు పనిచేశాను. భారీ మనిషి, నడక నెమ్మది, మాట అంతకన్నా నెమ్మది. ప్రార్థన గంట తొమ్మిదిన్నరకు కొడితే ఆవిడ పదికి పది నిమిషాల ముందు గేటు దగ్గర కనిపించేవారు. ఒక ఏడాది నేను గుర్తులు పెట్టుకున్నాను. రెండు వందల పద్దెనిమిది పనిదినాల్లో నూట నలభై మూడు రోజులు ఆలస్యం. రెండు నిమిషాలు ఆలస్యమైన పిల్లలను బయట నిలబెట్టే నాకు అది ఎలా ఉండేదో చెప్పనక్కర్లేదు. ఎవరింటికైనా వెళితే గంటల తరబడి కూర్చునేవారు, పెట్టిందల్లా తినేవారు, వచ్చిన పని మరిచిపోయారా అని పక్కవాళ్లకు అనుమానం వచ్చేది.

ఆ రోజుల్లో పదో తరగతిలో సుజాత అనే పిల్ల ఉండేది. మైపాడు దారిలో రొయ్యల గుంటలు చేసే మాలకొండయ్య కూతురు. తొమ్మిదిలో లెక్కల్లో తొంభై నాలుగు తెచ్చుకున్నది, పదిలో మొదటి పరీక్షకు అరవై రెండు, రెండో పరీక్షకు ముప్పై ఒకటి. మూడు నెలల్లో ఇరవై రెండు రోజులు బడికి రాలేదు. ఒక బుధవారం మధ్యాహ్నం ఆపి అడిగితే గోడ వైపు చూస్తూ చెప్పింది. "నాకేందో అయింది మేడమ్. నిద్ర పట్టదు, అన్నం దిగదు. పొద్దున లేవకుండానే ఉంటే బాగుండుననిపిస్తా ఉంది. డాక్టరుకు చూపించమని మా అమ్మకు మీరు చెప్పండి. నేను చెప్తే నాటకాలంటది."

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. మార్కులూ హాజరూ ఒక కాగితం మీద వరసగా రాసుకుని మరీ వెళ్లాను. మాలకొండయ్య కాగితం చూసి, "చదువు బరువైంది మేడమ్, అంతే," అన్నాడు. అతని భార్య పద్మ, "దిష్టి తగిలింది. మొన్ననే తాయెత్తు కట్టించినాం," అంది. ఇది దిష్టి కాదు, మానసిక జబ్బు కావచ్చు, నెల్లూరు తీసుకెళ్లి చూపించండి అన్నాను. పద్మ లేచి నిలబడింది. "నా బిడ్డకు పిచ్చంటారా? ఈ మాట ఊళ్లో పడితే రేపు దాన్ని ఎవురు చేసుకుంటారు?" పదిహేనేళ్ల పిల్లకు పెళ్లి గొడవ ఇప్పుడెందుకని నేనూ గొంతు పెంచాను. పెంచి, అనకూడని పద్ధతిలో అనేశాను. "లేవకుండా ఉంటే బాగుండునని మీ పిల్లే నాతో చెప్పింది!" తలుపు వెనక సుజాత ఉందని నాకు తెలియదు. మర్నాటి నుంచి పిల్లను బడి మాన్పించారు.

కరుణమ్మ గారు నేను చెప్పిందంతా విని ఒకటే అడిగారు. "ఏది చెప్పొచ్చో, ఏది చెప్పకూడదో పిల్లను అడిగావా?"

"ప్రాణం మీదికి వచ్చే మాట దాచమంటారా?" అన్నాను.

"దాచమనలేదమ్మా. దానికి చెప్పి, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పమంటున్నాను."

శుక్రవారం ఇద్దరం బయలుదేరాం. నాలుగింటికి అనుకుంటే ఆవిడ వచ్చింది ఐదూ నలభైకి. ఇంటికి కూడా కాదు, నేరుగా గుంట గట్టు మీదికి నడిచారు. మాలకొండయ్య చెక్ ట్రే పైకి లాగుతున్నాడు. మేత వేసి, రెండు గంటల తర్వాత ఎంత మిగిలిందో చూసుకునే వల పళ్ళెం అది. ఆవిడ గట్టు మీద చతికిలబడి, లోకంలో వేరే పని లేనట్టు రొయ్యల గురించే అడుగుతూ కూర్చున్నారు. అతను ఉత్సాహంగా నోటుపుస్తకం తెచ్చాడు. ఏ పూట ఏ ట్రేలో ఎంత మిగిలిందో అందులో ఒక్క పూట వదలకుండా రాసి ఉంది. నలభై నిమిషాలు గడిచాయి. నాకు కాళ్లు లాగుతున్నాయి.

"మేత మిగిలిందనుకో, రొయ్యకు చదువు బరువైందని ఊరుకుంటావా?" అని ఆవిడ అడిగారు.

అతను నవ్వాడు. "ఊరుకుంటే గుంట మొత్తం పోతాది మేడమ్."

"సుజాత పళ్ళెంలో ఎంత మిగులుతా ఉందో ఎప్పుడన్నా చూసినావా నాయనా?"

అతని నవ్వు పోయింది. ఇంటికి వచ్చాక పద్మతో ఆవిడ, "కొన్నాళ్లు బిడ్డ పక్కనే పడుకో, ఒంటరిగా వదలొద్దు," అని మాత్రం చెప్పారు. పద్మ తలూపింది. ఆవిడ రెండు గ్లాసుల పాయసం తాగారు. డాక్టరు మాట ఎత్తకుండానే వచ్చేశాం.

ఆదివారం తెలిసిన కబురు ఏమిటంటే, రొయ్య మేత ముట్టకపోతే ముందు గుంటకు నీళ్లు మార్చడం వాళ్ల పద్ధతి గనక, మాలకొండయ్య కూతురికి కూడా నీళ్లు మార్చాడు. వాకాడులో ఉన్న చెల్లెలి ఇంట్లో దించి వచ్చాడు. నాకు తల గోడకు కొట్టుకోవాలనిపించింది. "మీ గుంట కథ ఎంత చక్కగా పనిచేసిందో చూశారా?" అన్నాను కరుణమ్మ గారితో.

"సగం చేసింది కదా. బిడ్డకు బాగాలేదని ఒప్పుకున్నాడు. మొన్నటిదాకా అదీ లేదే," అన్నారావిడ. వాకాడు మేనత్తకు ఆ సాయంత్రమే ఫోన్ చేసి, పిల్లను కనిపెట్టి ఉండమని చెప్పారు.

అక్కడా తినడం లేదని మేనత్త కబురు పెడితే పదో రోజున మాలకొండయ్య పిల్లను వెనక్కి తెచ్చాడు. మర్నాడు మళ్లీ వెళ్లాం. ఈసారి ఆవిడ ముందు పెరట్లోకి పోయి సుజాత పక్కన కూర్చున్నారు. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? ఏ మాట వద్దు?" పిల్ల లేచింది. తర్వాత తనే లోపలికి వచ్చి తండ్రి ముందు నిలబడింది. "నాయనా, నీళ్లు బాగానే ఉండాయి. నాకే బాగాలేదు. డాక్టరు కాడికి తీసుకుపో."

మాలకొండయ్య కళ్లు తుడుచుకున్నాడు. పద్మ మాత్రం దిగిరాలేదు. "ఆ మాత్రలు మొదలుపెడితే మనిషి మొద్దుబారిపోతాడంట కదా మేడమ్."

కరుణమ్మ గారు సంచిలోంచి మాత్రల అట్ట తీసి ఆమె ఒళ్లో పెట్టారు. "పదకొండేళ్లుగా మింగుతున్నా పద్మా. నేను మొద్దుబారినానా? మా నాన్న చర్చిలో సంఘపెద్ద. నీ ప్రార్థన చాల్లేదన్నాడు. ఆయన్ను ఒప్పించడానికి రెండేళ్లు పట్టింది, ఆ రెండేళ్లు నాకు తిరిగి రాలేదు. మాత్రకు పొద్దున మత్తు వదలదు, అంతే. తొమ్మిదిన్నర గంట నాకెప్పుడూ అందదు. కావాలంటే ఈమెను అడుగు, రోజు రోజుకూ రాసి పెట్టింది."

అందరూ నా వైపు చూశారు. నేను గుర్తులు పెట్టుకున్న సంగతి ఆవిడకు తెలుసని నాకు అప్పుడే తెలిసింది. మాత్రల మాట రెండు రోజుల్లో ఊరంతా పాకుతుందని కూడా ఆవిడకు తెలుసు. పాకింది కూడా. పిచ్చి హెడ్మిస్ట్రెస్ బడికి పిల్లల్ని పంపేదెలాగని ఇద్దరు ముగ్గురు నా దగ్గరే అన్నారు. వాళ్లకు నేనిచ్చిన జవాబు ఇక్కడ రాయదగింది కాదు.

సోమవారం నెల్లూరు ఆసుపత్రికి నేనూ వెళ్లాను. మానసిక డాక్టరు గది ముందు వరసలో పద్మ పైట ముఖం మీదికి లాక్కుని కూర్చుంది. ఎదుటి బల్ల మీద వాళ్ల వీధి ఆవిడే, అలాగే ముసుగుతో ఉంది. ఒకరినొకరు గుర్తుపట్టి ఇద్దరూ ఒకేసారి చర్మం డాక్టరు కోసం వచ్చామన్నారు. "ఊరంతా చర్మం జబ్బులేనా పద్మా?" అన్నారు కరుణమ్మ గారు. సుజాత నవ్వింది. ఆ పిల్ల నవ్వగా నేను చూసి నెలలైంది.

సుజాత పది మరుసటి ఏడాది రాసింది. లెక్కల్లో యాభై ఎనిమిది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. మధ్యలో ఒకసారి మళ్లీ బాగాలేకపోతే, ఇంట్లో తనే చెప్పిందట. నాలుగు నిమిషాల్లో అయిపోయిందట ఆ సంభాషణ. నేను గొంతు పెంచిన సాయంత్రం నుంచి ఆసుపత్రి గుమ్మం దాకా పంతొమ్మిది రోజులు. అందులో నా నోటి దురుసు వల్ల పోయినవి ఎన్నో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. నాకు తేలని లెక్కలు తక్కువ.

ఇప్పుడు నాకు డెబ్బై. కోవూరులో డిగ్రీ చదివే ఒక పిల్ల, తనకూ మనసు బాగాలేదని ఇంట్లో చెప్పేటప్పుడు తన పక్కన ఉండమని నన్ను అడిగింది. మొన్న శుక్రవారం వాళ్లింటికి మూడోసారి వెళ్లాను. తండ్రి గంటా పది నిమిషాలు టీవీలోంచి తల తిప్పలేదు. తల్లి ఇచ్చిన మజ్జిగలో ఉప్పు నోట పెట్టలేనంత ఉంది, తాగాను. పిల్ల చెప్పదలచుకున్నది పిల్ల చెప్పింది, నేను నోరు మూసుకుని కూర్చున్నాను. వచ్చేటప్పుడు తల్లి వాకిలి దాకా వచ్చి, డాక్టరు ఏయే రోజుల్లో ఉంటాడని గొంతు తగ్గించి అడిగింది. ఊరికే తెలుసుకుందామని, అంతే, అని కూడా అంది. నాకు ఒళ్లు మండిపోయింది. సోమ, గురువారాలని చెప్పాను. ఆదివారం నాలుగింటికి మళ్లీ వెళ్తున్నాను.