మొరాయించిన బటన్

మా చెల్లి ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే ఇదివరకు "ఏదో కంప్యూటర్ పని" అనేసి మిషన్ తొక్కుకునేదాన్ని. ఇప్పుడు అడిగి చూడండి, కుట్టడం ఆపి మరీ చెబుతాను. గొప్పలు పోతున్నానంటారా? అనుకోండి, నాకేం.

నాది దర్జీ పని. కింద గదిలో నా కుట్టు మిషన్, మేడమీద చెల్లి బల్ల. చిన్నచిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు, ఫోన్ యాప్‌లు చేసిపెడుతుంది. ఆ పనిలో పదిమందికి పనికొచ్చే కోడ్ ముక్క రాసిందంటే చాలు, ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించే తన పేజీలో పెట్టేస్తుంది. పెద్ద ఫొటోను చిన్నది చేసే ముక్క ఒకటి, తేదీని తిన్నగా చూపించే ముక్క ఒకటి. ఎవరైనా తీసుకుని తమ పనిలో అతికించుకోవచ్చు.

"ఊరికే పంచిపెట్టడానికి నువ్వేమైనా దానకర్ణుడి వారసురాలివా?" అని సాధించేదాన్ని.

"నేనూ ఎవరో పెట్టినవి చూసే నేర్చుకున్నానక్కా" అనేది.

అలా ఉండగా ఒక మంచి సంస్థ నుంచి పిలుపొచ్చింది. ముందు నీ పేజీ చూస్తాం, నచ్చితే మాట్లాడతాం అన్నారట. ఒంటరిగా మేడమీద కాదు, తోటివాళ్లతో కలిసి చేసే ఉద్యోగం. చెల్లికి ఎన్నాళ్లనుంచో అదే కల. పేజీలో ప్రతి ముక్కనూ సర్ది, వాళ్లు ఎప్పుడు చూస్తారా అని కూర్చుంది.

సరిగ్గా అప్పుడే నాన్న కళ్ల పరీక్షకు సమయం తీసుకుందామని ఆస్పత్రి వెబ్‌సైట్ తెరిచాను. నా ఫోన్ సంగతి చెప్పాలి. అద్దం పగిలింది. మేడమీది ఇంటర్నెట్ కిందికి దిగదు, ఫోన్ సిగ్నల్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. వివరాలన్నీ నింపి పంపే బటన్ నొక్కానో లేదో, సిగ్నల్ పోయింది. కాసేపటికి తిరిగొచ్చింది గానీ బటన్ మాత్రం బూడిదరంగుకు తిరిగి బిగుసుకుపోయింది. ఎంత పొడిచినా ఉలకదు, పలకదు.

నాకు ఒళ్లు మండి మెట్లెక్కాను. "ఏ బుర్రలేనివాడు రాశాడే ఈ బటన్‌ని? వాడి చేతికి సూదిస్తే తన వేలే కుట్టుకుంటాడు!"

చెల్లి నవ్వుతూ ఆ వెబ్‌సైట్‌ను కంప్యూటర్లో తెరిచి లోపలి కోడ్ చూసింది. నవ్వు ఆగిపోయింది.

"అక్కా, ఆ బుర్రలేనిది నేనే."

సంగతేమిటంటే, జనం తొందరలో ఒకే బటన్‌ను రెండుసార్లు నొక్కుతారు, ఒకే పని రెండుసార్లు నమోదవుతుంది. అలా జరగకుండా, ఒకసారి నొక్కగానే బటన్ మూసుకునే ముక్క రాసింది. అవతలినుంచి జవాబొస్తే తెరుచుకుంటుంది. జవాబే రాకపోతే? ఆ మాట రాయడం మరిచింది. మేడమీద ఇంటర్నెట్ ఎప్పుడూ పోదు, అందుకే కంటబడలేదు. ఆస్పత్రి వెబ్‌సైట్ చేసినవాళ్లు ఆ ముక్కను ఉన్నదున్నట్టు తీసుకెళ్లారు.

"గుట్టుచప్పుడు కాకుండా సరిదిద్దెయ్యవే. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"నా పేజీలో దిద్దితే నా దగ్గరే మారుతుందక్కా. నువ్వు చొక్కా చేతి కొలత కాగితం ఎవరికో ఇచ్చావనుకో. తర్వాత నీ దగ్గరున్నది మార్చుకుంటే సరిపోతుందా? వాళ్లు పొట్టి చేతులే కత్తిరిస్తుంటారుగా."

నా పనితోనే నన్ను కొట్టింది! అయినా ఊరుకోలేదు. "సరే, ఆ ఉద్యోగం వాళ్లు చూసి వెళ్లాక చెప్పు. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది."

"అందాకా ఎంతమంది నాన్నలకి బటన్ బిగుసుకోవాలి?"

చెల్లి ముక్కను దిద్దింది. నా ఫోన్ పట్టుకుని కిందికొచ్చి, సిగ్నల్ చచ్చే మూలలో నిలబడి, బటన్ మళ్లీ తెరుచుకునేదాకా నొక్కి చూసింది. తర్వాత పేజీ నెత్తిన పెద్ద అక్షరాలతో పెట్టింది: "ఈ బటన్ ముక్క తీసుకున్నవాళ్లు వెంటనే మార్చుకోండి. సిగ్నల్ పోతే బిగుసుకుంటుంది. తప్పు నాది." ఆస్పత్రి వెబ్‌సైట్ వాళ్లకు విడిగా కూడా రాసింది.

ఉద్యోగం రాలేదు. పేజీ చూశారట, వేరేవాళ్లను తీసుకున్నారట. కారణం చెప్పలేదు. చెల్లి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చింది. "నేను చెప్పలేదూ" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. మింగినందుకు ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటాను.

తర్వాత ఒక్కొక్కరే రాయడం మొదలుపెట్టారు, మార్చుకున్నామని. ఆస్పత్రి వాళ్లూ మార్చారు. నాన్న నా ఫోనే తీసుకుని స్వయంగా నొక్కాడు. సిగ్నల్ అలవాటు ప్రకారం పోయింది. "మళ్లీ నొక్కండి" అని వచ్చింది. నొక్కాడు.

"పరీక్షకు సమయం దొరికిందే!" అని నాన్న కింద అరిచిన అరుపుకు మేడమీద చెల్లి ముసుగు తీసింది.

అప్పటినుంచి ఏ కోడ్ ముక్క రాసినా చివర ఒక మాట చేరుస్తుంది: "మా అక్క ఫోన్‌లో నొక్కి చూశాను." ఆ మాట లేకపోతే ముక్క ముట్టుకోనివాళ్లు కూడా ఉన్నారట. "అక్క ఫోన్‌లో చూశారా?" అని ముందే అడుగుతారట. నా మొహం తెలియనివాళ్లు!

మొన్న చెల్లి నాకు కొత్త ఫోన్ కొనిస్తానంది.

"చాల్లే ఊరుకో" అన్నాను. "ఇది పోతే నీ ముక్కలకు దిక్కెవరే?"