బావ తెచ్చిన పంచ్ సెట్టు

బొబ్బిలిలో ప్యానల్ బోర్డులు చేసే షెడ్డులో తొమ్మిదేళ్లపాటు కన్నాల పని నాదే. మిల్లుల్లో మోటార్ల స్విచ్చులు బిగించే ఇనప రేకు పెట్టెలకి, కేబుళ్లు దూరడానికి గుండ్రటి కన్నాలు కావాలి. రేకు మీద సున్నా గీసి, గీత వెంట సన్న డ్రిల్లుతో చుట్టూ పొడిచి, ఉలితో మధ్య ముక్క ఎగరగొట్టి, అంచంతా ఆకురాయితో అరగదీసేవాణ్ణి. ఒక్కో కన్నానికి అరగంట పట్టేది. బోర్డులు కొనే పార్టీలెవరైనా వస్తే మా ఓనరు ఆ అంచున వేలు తిప్పి, "సూడండి, ఎక్కడైనా గీసుకుంటాదేమో" అనేవాడు. ఆ మాట కోసం ఇంకాసేపు అరగదీసేవాణ్ణి.

విశాఖలో పని పోయి ఖాళీగా ఉన్న మా అక్క మొగుణ్ణి షెడ్డులో చేర్పించింది నేనే. మొదటిరోజే బావ సంచిలోంచి ఒక ఎర్ర పెట్టె తీశాడు. పంచ్ సెట్టు. రేకుకి ఒక చిన్న కన్నం పెట్టి, అందులో బోల్టు దూర్చి, ఈ పక్క గిన్నెలాంటి ఇనప ముక్క, ఆ పక్క కత్తెర అంచున్న ముక్క పెట్టి, పానాతో బిగించాడు. నాలుగు తిప్పులకి టక్కుమంది. గిన్నెలోంచి గుండ్రటి రేకు బిళ్ల రాలింది. ఓనరు ఆ కన్నంలో వేలు తిప్పాడు. తర్వాత ఫోను తీసి ఫొటో కొట్టి వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. తొమ్మిదేళ్లలో నా కన్నానికి ఎవరూ ఫొటో తీయలేదు. సాయంత్రం దాకా నాలుగుసార్లు ఆ స్టేటస్ తెరిచి చూశాను.

పై వారం ఓనరు నాకూ ఏదో ఒక పనిముట్టు కొనుక్కోమని, బావని తోడిచ్చి విజయనగరం పంపాడు. కొట్టువాడు హోల్‌సాలు, మెట్లమెట్లుగా ఉండే స్టెప్ బిట్లు, పంచ్ సెట్లు బల్ల మీద పరిచాడు. నా చెయ్యి ముందు పంచ్ మీదకే వెళ్లింది. అంతలో బావ, "అదే మంచిదిరా, అదే తీసుకో" అన్నాడు. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"హోల్‌సా ఇవ్వండి" అన్నాను. గిన్నె అంచుకి రంపం పళ్లున్నట్టుంటుంది అది. డ్రిల్లుకి తగిలిస్తే గిర్రున తిరిగి కోసేస్తుంది.

"ఖాళీ పెట్టెకైతే బాగుంటాదిరా. వైరింగైపోయిన బోర్డుకి మాత్రం పెట్టకు. ఇనప రజనంతా లోపల పడి షార్టవుతాది" అన్నాడు బావ.

"నాకు తెలీదేటి?" అన్నాను. నిజంగానే తెలుసు. ఆయన నోట వినడమే నచ్చలేదు.

శ్రీకూర్మం దగ్గర ఒక రైసుమిల్లులో, నడుస్తున్న బోర్డుకే ఇంకో కేబులు కలపాల్సొచ్చింది. బావ పదకొండింటికి బండి మీద వస్తానన్నాడు. ఆయన వచ్చేలోగా కన్నం చూపించాలని నేను తొలి బస్సెక్కేశాను. మెయిన్ ఆపించి, బోర్డు పైరేకుకి హోల్‌సా పెట్టాను. రెండు నిమిషాల్లో కన్నం పడింది. లోపలికి తొంగిచూస్తే నల్లటి స్విచ్చుల మీద ఇనప రజను మిలమిలలాడుతోంది. గుడ్డతో దులిపి, పోయిందనుకుని మెయిన్ వెయ్యమన్నాను.

ఫట్టుమని మెరుపొచ్చింది. మిల్లంతా ఆగిపోయింది. బోర్డులో ఒక స్విచ్చు మాడి మసైపోయింది. "ఏటి సేసేవురా!" అని మిల్లాయన నా మీదకొచ్చాడు.

సరిగ్గా అప్పుడే బావ బండి దిగాడు. లోపలికి చూశాడు, హోల్‌సా చూశాడు, నన్ను చూశాడు. "మావల్లే పోయినాదండి. సాయంత్రానికి మిల్లు ఆడతాది" అన్నాడు మిల్లాయనతో. నావల్ల అనలేదు, మావల్ల అన్నాడు. శ్రీకాకుళం వెళ్లి కొత్త స్విచ్చు తెచ్చి, సాయంత్రం దాకా అయస్కాంతంతో, పెయింటు కుంచెతో రజను ఏరాడు. నేను లైటు పట్టుకుని నిలబడ్డాను. బావ తిట్టుంటే నాకు కొంత సులువయ్యేది.

ఈ సంగతి బావ ఓనరుకి చెప్పడని నాకు తెలుసు. మర్నాడు బావకంటే ముందే వెళ్లి జరిగిందంతా నేనే చెప్పేశాను.

"రాత్రి ఫోన్లో మీ బావ ఏటీ సెప్పలేదేంట్రా?" అన్నాడు ఓనరు.

"సెప్పడండి. అందుకే నేను సెప్తన్నాను" అన్నాను.

ఆయన నన్ను నిజాయితీపరుడనుకున్నాడు. అది నిజాయితీ కాదు. నా తప్పు దాచిన మంచితనం కూడా బావకే దక్కడం భరించలేకపోయాను, అంతే. అంతా విని ఓనరు మళ్లీ బావనే మెచ్చుకున్నాడు.

ఆ నెలలోనే బావ దగ్గర పంచ్ వాడడం నేర్చుకున్నాను. రజను లోపల రాలకుండా డ్రిల్లు మొనకి గ్రీజు పూసి, కింద తడిగుడ్డ పరిచి, చిన్న కన్నం పెట్టాలి. బోల్టు మెల్లగా బిగించాలి. ఓపిగ్గా చూపించాడు. నా చేతుల్లోనూ బిళ్లలు చక్కగా రాలేవి. అయినా పక్క బల్ల దగ్గర బావ పానా తిప్పుతుంటే, నా పని ఆపి, తిప్పులు లెక్కపెడుతూ ఆ టక్కుమనే చప్పుడు కోసం చెవి వేసుండేవాణ్ణి. నాకంటే ఒక తిప్పు తక్కువలోనే వినిపించేది.